ఫిల్ముల గదిలో పిన్నీసావిడ

ఆ ఆసుపత్రిలో కిందికి దిగే మెట్లని పగలు ఎవరూ పట్టించుకోరు. చక్రాల మంచాలు తోసేవాళ్ళు ఆ మెట్ల పక్కనే నిలబడి ఫోన్లు చూసుకుంటారు. చీకటి పడ్డాక మాత్రం, "కింద ఫిల్ముల గదిలో ఈ కాగితం ఇచ్చిరా" అని ఎవరితోనైనా అనండి... నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకామెకి ఉన్నట్టుండి కాలు నొప్పి వస్తుంది. ఇంకొకామెకి అప్పుడే పేషెంటు పిలిచినట్టుంటుంది.

అలాగని అదేమీ పాడుబడ్డ కొంప కాదు. తెల్లటి గోడలు, ఏసీ చల్లదనం, వరసగా నాలుగు పెద్ద తెరలు. పైన తీసిన ఎక్స్‌రేలన్నీ ఆ తెరల మీదికే వస్తాయి. ఇప్పుడు ప్లాస్టిక్ ఫిల్ములు లేవు గానీ పేరు మాత్రం ఫిల్ముల గదే. రాత్రి డ్యూటీ డాక్టరు అక్కడ దీపాలు ఆర్పుకుని, ఒక్కొక్క బొమ్మే చూసి రిపోర్టు రాస్తుంది. అలాంటి చోట దెయ్యానికేం పని అంటారా? మొదట్లో అందరూ అదే అన్నారు. నేను మాత్రం విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ముందు చూసింది ఆ రాత్రి డాక్టరే. సైకిలు మీంచి పడ్డ ఒకాయన మోకాలి ఫిల్ము తెరిచింది. కింద సగంలో మోకాలు ఉంది. పైన మాత్రం...

పక్కటెముకలు!

సన్నటి భుజాలు, మెడ ఎముకలు... ఎవరో ఆడమనిషి. కాలరు దగ్గర తెల్లగా మెరుస్తూ ఒక పిన్నీసు.

డాక్టరు కళ్ళు నులుముకుంది. ఫిల్ము మూసి మళ్ళీ తెరిచింది. మోకాలు — మొత్తం మోకాలే. పక్కటెముకలూ లేవు, పిన్నీసూ లేదు.

తర్వాత ఒక చిన్నపిల్ల చేతి ఫిల్ములో కనిపించింది. ఆ తర్వాత ఒక ముసలాయన నడుములో. ఎప్పుడు వచ్చినా ఆవిడే, అదే పిన్నీసు. వచ్చేది రాత్రే. పగటివాళ్ళకి చెబితే, "మీకు నిద్ర చాలట్లేదు" అని నవ్వి ఊరుకున్నారు. నేల తుడిచే ఆవిడ మాత్రం నవ్వలేదు. "తన ఒళ్ళు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటోందమ్మా," అని గొంతు తగ్గించి చెప్పింది. పిన్నీసావిడ అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఇక తొందరమ్మ సంగతి. ఆసుపత్రిలో ఫిల్ముల్ని దాచి, అడిగినవాళ్ళ తెరకి పంపే సర్వరు ఒకటుంది. దాన్ని నడిపే ప్రోగ్రాము రాసింది ఈవిడే. అసలు పేరు ఆఫీసులో అందరూ మర్చిపోయారు. లిఫ్టు వచ్చేలోపు మెట్లెక్కేసే రకం, ఎదుటివాళ్ళ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసే రకం. "కడుపులో కూడా ఆగలేకపోయావు, నెల ముందే ఊడిపడ్డావు," అని వాళ్ళక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ సర్వరు పాత పద్ధతిలో ఎలా ఉండేదంటే — దుకాణంలో ఒక్కడే గుమాస్తా ఉన్నాడనుకోండి. ఎవరైనా ఒక వస్తువు అడిగితే గోదాములోకి వెళ్ళి, అది దొరికేదాకా బయటికి రాడు. వరసలో మిగతావాళ్ళు పడిగాపులు కాయాలి. అది చూసి తొందరమ్మకి ఒళ్ళు మండిపోయింది. గుమాస్తాకి కొత్త పని నేర్పింది. అడిగింది గోదాములోకి కేకేసి చెప్పు, కొక్కేనికి ఒక సంచీ తగిలించు, వెంటనే రెండో మనిషిని పలకరించు. లోపలివాళ్ళు వస్తువు తెచ్చి ఆ సంచీలో వేసి గంట కొడతారు. అప్పుడు అందిస్తే చాలు. ఒకరి కోసం ఇంకొకరు ఆగక్కర్లేదు.

ఫిల్ములు రెప్పపాటులో తెరుచుకోవడం మొదలైంది. డాక్టర్లు పొగిడారు. తొందరమ్మ కాలు నేల మీద నిలవలేదు.

కొన్నాళ్ళు పోయాక వాళ్ళక్కకి దగ్గు పట్టుకుంది. అక్క బట్టలు కుడుతుంది. అమ్మ పోయాక చెల్లెల్ని చదివించింది ఆ కుట్టు మిషనే. దగ్గు తగ్గకపోతే అదే ఆసుపత్రిలో చేర్పించి, ఒక రాత్రి ఎక్స్‌రే తీయించారు. మర్నాడు రిపోర్టు వచ్చింది — కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ. పెద్దదే. తెల్లారగానే పక్కటెముకల సందులోంచి సూది దింపి పరీక్షకి ముక్క తీయాలన్నాడు సర్జన్. "క్యాన్సరే అయ్యుంటుంది, మనసు గట్టి చేసుకోండి," అని కూడా అన్నాడు.

"జీవితమంతా గుడ్డలకి సూదులు గుచ్చాను," అంది అక్క. "ఇప్పుడు నా వంతొచ్చింది."

నవ్వించడానికే అంది. కానీ అన్నాక తనే గోడవైపు తిరిగి పడుకుంది. అక్క నోటి వెంట జోకు వచ్చాక నవ్వు రాకపోవడం తొందరమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఊరికే కూర్చోలేక రిపోర్టు మళ్ళీ తీసింది. రెండో వాక్యం అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. 'కాలరు దగ్గర లోహపు పిన్ను.'

"అక్కా, ఎక్స్‌రే తీసేటప్పుడు నీ ఒంటి మీద పిన్ను ఉందా?"

"పిన్నా? బాబాయ్ ఉండనిస్తాడా?" అక్క గోడవైపు నుంచే చెప్పింది. "జుట్టు క్లిప్పు కూడా తీయించాడు. పంటికి కట్టిన తీగ ఊడుతుందా అని అడిగాడే మహానుభావుడు!"

బాబాయ్ అంటే ఆసుపత్రిలో రాత్రిపూట ఫిల్ములు తీసే పెద్దాయన. చుట్టుపక్కల సగం మంది ఎముకలు ఆయనకి పరిచయమే. పగటి డ్యూటీ ఇస్తామన్నా, "ఇంటికెళ్ళి ఏం చెయ్యను?" అంటాడు. ఆయన తీసిన ఫిల్ములో గుండీ కూడా కనపడదని పేరు.

మరి పిన్ను ఎక్కడిది?

తొందరమ్మ మెట్లు దిగింది.

ఫిల్ముల గది చీకటిగా ఉంది. మొదటి తెర ముందు రాత్రి డాక్టరు. చివర నాలుగో తెర ముందు, మొహం మీద నీలం వెలుగు పడుతూ బాబాయ్. రాత్రి పని తగ్గితే ఆయన అక్కడే కూర్చుంటాడు. తొందరమ్మని చూసి తలూపాడు.

"డాక్టరుగారూ, మా అక్క ఫిల్ము ఒకసారి చూస్తారా? దాంట్లో పిన్ను ఉందట."

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"...పిన్నీసా?"

అప్పుడు చెప్పింది — మోకాలు, చిన్నపిల్ల చెయ్యి, ముసలాయన నడుము, అన్నీ. నవ్వుతూ మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి ఆమె గొంతులో నవ్వు లేదు. అక్క రిపోర్టు రాసింది ఆమె కాదు. ఆ రాత్రి కొత్తగా వచ్చిన డాక్టరు కూర్చున్నాడు. అతనికి ఈ గొడవ తెలియదు. చూసింది చూసినట్టు రాశాడు.

డాక్టరు అక్క ఫిల్ము తెరిచింది. ఊపిరితిత్తులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. నీడ లేదు. పిన్నూ లేదు.

"అమ్మయ్య!" అంది తొందరమ్మ.

"అప్పుడే అమ్మయ్య అనకండి," అంది డాక్టరు మెల్లగా. "నిన్న చూసిందే మీ అక్కదై, ఇప్పుడు కనిపిస్తున్న పైభాగం ఇంకెవరిదైనా అయితే?"

"మళ్ళీ తీయిస్తే?"

"తీయిస్తాం. తీసినా వచ్చేది ఈ తెర మీదికే కదా. రెండిట్లో ఏది నమ్మమంటారు? ఊరికే గుచ్చితే ఊపిరితిత్తికి గాయం కావచ్చు. గుచ్చకుండా వదిలేస్తే, నీడ నిజమైతే... అది మరీ అన్యాయం. రిపోర్టు మార్చాలంటే నాకు కారణం కావాలమ్మా. దెయ్యం పట్టిందని రాయలేను."

ఇంతలో పైనుంచి ఫోను. ప్రమాదం కేసు. డాక్టరు గబగబా వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. ఏసీ గుర్రుమంటోంది. తొందరమ్మ డాక్టరు కుర్చీలో కూర్చుని అక్క ఫిల్ము తెరిచింది. శుభ్రం. మూసింది. తెరిచింది. శుభ్రం. లేచి నాలుగడుగులు వేసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. తెల్లారితే సూది. తెరిచింది, మూసింది. ఆ చివర బాబాయ్ ఉన్నాడో లేడో అన్నట్టుగా ఉన్నాడు.

తెరిచింది...

పిన్నీసు!

కాలరు దగ్గర తెల్లగా, ఎవరో ఇప్పుడే పెట్టుకున్నట్టు. దాని కింద సన్నటి ఎముకలు. కుడివైపు... నీడ. పిడికిలంత నీడ.

కుర్చీ వెనక్కి తోసింది. పారిపోదామనే అనుకుంది — కానీ పైన అక్క ఉంది. పారిపోతే తెల్లారి ఏం చెప్పాలి?

వణుకుతూనే తెరకి మొహం దగ్గరగా పెట్టింది. అప్పుడు కనిపించింది. ఒక పక్కటెముక వంపు తిరుగుతూ తిరుగుతూ ఒకచోట వెంట్రుకవాసి జరిగింది. పక్కదీ అంతే. తెర ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి గీత. గీతకి పైన ఒకరు, కింద ఇంకొకరు. ఇద్దరివీ ఛాతీలే, తీసిన మెషీను ఒకటే... అందుకని చక్కగా అతికిపోయాయి.

ఆ గీత ఎక్కడుందో చూసి ఆమె వణుకు ఆగిపోయింది. ఇంకో రకం భయం మొదలైంది.

డిస్కులోంచి ఫిల్ము ఒక్కసారిగా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎంత ముక్క తేవాలో చెప్పింది తొందరమ్మే. గీత సరిగ్గా మొదటి ముక్క అయిపోయిన చోటే ఉంది. దెయ్యాలు ఆమె రాసిన కొలత చూసుకుని కనపడవు కదా!

లాప్‌టాప్ తీసింది. సర్వరులోకి వెళ్ళి తను రాసిందంతా మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ, తనని తాను తిట్టుకుంటూ చదివింది. ఒకచోట ఆగిపోయింది.

అడిగినవాడు అడిగి, వస్తువు వచ్చేలోపే మనసు మార్చుకుని వెళ్ళిపోతే? అప్పుడేం చెయ్యాలో ఆమె రాసింది. వాడెటూ పోయాడు కదా, కొక్కేనికున్న సంచీ తీసి తర్వాతి మనిషికి తగిలించెయ్. ఆ సంచీ ఖాళీగా వేలాడటం కూడా ఓర్చుకోలేకపోయింది మరి. కానీ గోదాములోకి వెళ్ళినవాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? వాడు వెతికి వెతికి వస్తువు తెస్తాడు. తనకి చెప్పిన సంచీలోనే వేసేస్తాడు. ఆ సంచీ ఇప్పుడు ఇంకొకరిది!

గోదాములోకి వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా ఆ సంచీని ముట్టుకోకూడదు. ఇంత చిన్న సంగతి.

సరే. మరి ఎప్పుడూ ఆవిడే ఎందుకు? పాత ఫిల్ములు నెమ్మది డిస్కుల్లో ఉంటాయి, రావడానికి సమయం పడుతుంది. అంటే ఆవిడది పాత ఫిల్ము. ఎవరో దాన్ని అడుగుతున్నారు. వచ్చేలోపు మూసేస్తున్నారు. ప్రతి రాత్రీ...

ఎవరు?

సర్వరుకి వచ్చే పిలుపులు కనపడేలా పెట్టుకుని కూర్చుంది. వార్డులోంచి ఒకటి వచ్చింది. ప్రమాదం కేసు దగ్గరి నుంచి ఇంకొకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏసీ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

ఒక పిలుపు వచ్చింది. పాత ఫిల్ము... నెమ్మది డిస్కు... అది ఇంకా దారిలో ఉండగానే — రద్దు.

ఎక్కడి నుంచి?

ఫిల్ముల గది. నాలుగో తెర.

తొందరమ్మ నెమ్మదిగా ఆ చివరికి తిరిగింది.

నాలుగో తెర ముందు బాబాయ్ కూర్చుని ఉన్నాడు. చెయ్యి మౌసు మీద ఉంది. తెర ఖాళీ. ఆయన కళ్ళు ఆ ఖాళీ తెర మీదే ఉన్నాయి.

"బాబాయ్... ఎవరిది ఆ ఫిల్ము?"

ఆయన మౌసు మీంచి చెయ్యి తీశాడు.

"మీ పిన్నిది," అన్నాడు.

చెప్పడానికి ఆయనకి ఎక్కువ మాటలు పట్టలేదు. ఆవిడకి దగ్గు వస్తే కంగారుగా తనే ఫిల్ము తీశాడు. అందరి ఒంటి మీదా వెతికి తీయించే మనిషి, సొంత భార్య కాలరుకున్న పిన్నీసు చూసుకోలేదు. నీడ మాత్రం చూశాడు. ఆవిడ పోయాక ఒకసారి ఆ ఫిల్ము చూడాలనిపించింది. తెరుస్తాడు, తెర మీద చక్రం తిరుగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ గుండె దడదడలాడి, బొమ్మ వచ్చేలోపు మూసేస్తాడు. కాసేపాగి మళ్ళీ తెరుస్తాడు. ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.

తొందరమ్మకి ఆయన్ని ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. కానీ అడగక తప్పదు. డాక్టరు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బాబాయ్, డాక్టరుగారి ముందు ఇంకొక్కసారి అలాగే తెరిచి మూస్తారా? అక్క కోసం."

ఆయన తలూపాడు.

డాక్టరుకి జరిగింది చెప్పి, మొదటి తెర ముందు కూర్చోబెట్టింది. బాబాయ్ తెరిచి మూశాడు. డాక్టరు అక్క ఫిల్ము తెరిచింది. ఏమీ లేదు. మళ్ళీ తెరిచి మూశాడు. మళ్ళీ ఏమీ లేదు. తొందరమ్మ గోళ్ళు కొరికేసుకుంటోంది. మూడోసారి... ఆయన మూసిన మరుక్షణం డాక్టరు తెరిచింది —

"వచ్చింది!" డాక్టరు లేచి నిలబడింది. "ఇదిగో పిన్నీసు!"

కుర్చీ జరిగిన చప్పుడైంది. బాబాయ్ లేచి వచ్చాడు. డాక్టరు భుజం మీదుగా తెరలోకి చూశాడు. ఇంకొకరి ఊపిరితిత్తుల పైన భార్య భుజాలు. తెరని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరు ఆ బొమ్మ పైభాగాన్నీ బాబాయ్ భార్య పాత ఫిల్ము పైభాగాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఎముక ఎముకా పోల్చింది. నీడ ఆ పోయినావిడదే. అక్కకి ఉన్నది ముదిరిన జలుబు. రిపోర్టు కొట్టేసి కొత్తది రాసింది, సర్జన్‌ని నిద్రలేపి మరీ సూది ఆపించింది. ఫోను పెట్టేశాక మాత్రం ఆమె మొహం వాడిపోయింది.

"మోకాలిలో వస్తే కనిపెట్టాం. ఛాతీలో అతికినవి ఎన్నున్నాయో! నేనే ఎన్నిటికి సంతకం పెట్టానో..."

ఆ మాటతో గదిలో చలి పెరిగినట్టయింది. ఇన్నాళ్ళూ వాళ్ళు భయపడింది కనిపించినదానికి. కనిపించకుండా కలిసిపోయినదాన్ని గురించి ఎవరికీ దిగులే లేదు. ఆ రాత్రుల ఛాతీ ఫిల్ములన్నీ మళ్ళీ చూడాల్సిందేనని డాక్టరు అప్పటికప్పుడు మొదలుపెట్టింది. తొందరమ్మ సర్వరులో ఆ ఒక్కచోట దిద్దుతూ కూర్చుంది. దిద్దినదాన్ని సర్వరులో పెట్టేయబోతుంటే పక్కన బాబాయ్ నిలబడి ఉన్నాడు.

"అంటే..." అని ఆగాడు. "తను రావట్లేదామ్మా?"

తొందరమ్మకి అర్థం కాలేదు.

"పిన్నీసావిడ వస్తోందని అందరూ అంటుంటే... తనేననుకున్నాను. నేనున్న చోటికి దారి తెలియక వాళ్ళ ఫిల్ముల్లోకీ వీళ్ళ ఫిల్ముల్లోకీ వెళుతోందనుకున్నాను. అందుకే ఈ డ్యూటీ వదల్లేదు."

తొందరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెబుదామా అనుకుంది. నోరు రాలేదు.

"మీరు పిలుస్తున్నారు బాబాయ్. మీరు పిలిచిన ప్రతిసారీ వచ్చింది. వచ్చేసరికి మీరే మూసేస్తున్నారు."

ఆయన కింది పెదవి పళ్ళతో బిగబట్టాడు.

పైకి వెళ్ళేసరికి అక్క మేలుకునే ఉంది. తొందరమ్మ మంచం పక్కన కూలబడి, "నీకేం లేదక్కా, సూదీ లేదు, ఏమీ లేదు. ఆ నీడ వేరేవాళ్ళది," అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అక్క ఆమె తల మీద చెయ్యి వేసి కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత అడిగింది.

"ఎవరిదే పాపం?"

తొందరమ్మ చెప్పింది. అక్క అంతా విని లేచి కూర్చుంది.

"ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి నా దగ్గరికొచ్చావా? నాకేం లేదన్నావుగా. పో, కిందికి పో."

తొందరమ్మ మళ్ళీ మెట్లు దిగింది. డాక్టరు మొదటి తెరలో మునిగిపోయి ఉంది. చివరన నాలుగో తెర మీద చక్రం తిరుగుతోంది. బాబాయ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తొందరమ్మ పక్కకి కుర్చీ లాక్కుంది. ఆయన ఆమెవైపు చూడలేదు.

చక్రం ఆగింది. ఆవిడ మొత్తంగా వచ్చింది.

"ఇదిగోనమ్మా," అన్నాడు బాబాయ్ గుసగుసగా, "మీ పిన్ని."